నైరుతి మూలన స్కానర్

మా ఇంట్లో స్కానర్‌కు ఒక గది ఉంది. నాకు లేదు. ఈ మాట ఫిర్యాదుగా రాయడం లేదు. హాల్లో దేవుడి అర పక్కన చిన్న బల్ల, దాని మీద కంప్యూటరు, తలుపు తీస్తే వచ్చే గాలి, ఇవి చాలు నాకు. ఇచ్చినవాడికి రోజూ దండం పెట్టుకుంటాను. కాకపోతే ఒక ప్లాస్టిక్ పెట్టెకు దొరికిన మర్యాద ఎలాంటిదో చెప్పకపోతే తరవాతి కథ అర్థం కాదు.

దాన్ని కొన్నది మా బావ, అంటే మా ఆయన అన్న. ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. నాదర్‌గుల్ దాటాక ఎక్కడో రాళ్ళు పాతిన చెలకలో కార్లు ఆపించి, నెత్తి మీద శిక్షణ విమానాలు గిరగిరా తిరుగుతుంటే, వాటిని చూపించి "ఎయిర్‌పోర్టు పక్కనే" అంటుంటాడు. అలాంటి మనిషికి ప్రింటు, జిరాక్సు, స్కానింగు మూడూ చేసే యంత్రం అవసరమే. వైరు అక్కర్లేదు, వైఫై మీదే నడుస్తుంది. ఎల్.బి.నగర్‌లోని మా ఇంటికి తెచ్చాడు. తెచ్చి, ఎక్కడ పెట్టాలో తేల్చమని వాస్తు ఆయనను పిలిపించాడు.

వాస్తు ఆయన ఫోనులో దిక్సూచి పెట్టుకొని, ఇల్లంతా దొంగను వెతికినట్టు తిరిగాడు. చివరికి మేడ మీద బావ పడకగదిలో ఒక మూల నిలబడి, "బరువంతా నైరుతిల ఉండాలె సార్. దసరా దాటేదాక గీ మిషన్ ఇక్కడికెంచి ఇంచు గూడ జరగొద్దు" అన్నాడు. కిందికి దిగి, ఈశాన్యంలో ఉన్న నా కంప్యూటరును చూసి ఆగాడు. "ఇది బరువా అమ్మా?" అని నన్నే అడిగాడు. కాదన్నాను. సరేనని వెళ్ళిపోయాడు. నేను పొద్దునా సాయంత్రం దీపం పెట్టే మనిషినే. దిక్కులను తలుచుకొని నమస్కరిస్తాను. దిక్పాలకులకు జిరాక్సు మిషన్ కాపలా పని అప్పజెప్పిన శాస్త్రం మాత్రం ఏదో నాకు తెలియదు.

ఇంటర్నెట్ తీగ మా ఇంట్లోకి వచ్చేది హాలు కిటికీ నుంచి. దానికి తగిలించిన వైఫై డబ్బా దేవుడి అర పక్కనే ఉంటుంది. ఆ సిగ్నలు మేడ మీద మూలగదికి అందలేదు. బావ మూసేసిన తన పాత ఆఫీసు నుంచి ఇంకో వైఫై డబ్బా తెచ్చి, మెట్ల వెంబడి వైరు లాగి, స్కానర్ పక్కన పెట్టాడు. అందింది. "చూసినవా, నైరుతి పవర్!" అన్నాడు. నేను కూరగాయలు తరుగుతూ ఊఁ అన్నాను.

ఇక నా సంగతి. చిన్నప్పుడు వరసగా జ్వరాలు వచ్చి బడి మానేశాను. మా నాన్న దర్జీ. కుట్టు మిషను పక్కన కూర్చోబెట్టుకొని చదువు చెప్పాడు. లెక్కలు కొలత టేపు మీద, తెలుగు భజన పుస్తకాల్లో, ఇంగ్లీషు బట్టల మీది లేబుళ్ళలో. మిషను పాడైతే విప్పి చూడమనేవాడు గానీ తిట్టనిచ్చేవాడు కాదు. ఇప్పుడు నేను ప్రెస్సులవాళ్ళకు తెలుగు టైపు చేసి పెడతాను. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశాలు, వ్రత కథలు. నా కంప్యూటరు పాతది. డబ్బు పెట్టి కొనే సిస్టమ్ దాని మీద ఎక్కనని మొరాయిస్తే, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించుకున్నాను. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు, ఏ దేశాల్లోనో కూర్చొని, తాము రాసినదాన్ని తాళం వేయకుండా లోకం ముందు పెట్టారు. దీపం పెట్టినప్పుడు వాళ్ళను కూడా తలుచుకుంటాను. పేర్లు నాకు తెలియకపోయినా వినేవాడికి తెలుసు.

స్కానర్‌తో నాకు పని పడింది మా అత్తమ్మ వల్ల.

అత్తమ్మది నల్గొండ జిల్లా. మామయ్య గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో పనికి కుదిరినప్పటి నుంచీ ఆమె ఇక్కడే ఉంది. అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకుంది. నేర్చుకున్నాక మొదట రాసినవి బతుకమ్మ పాటలు. తన తల్లి పాడినవి, మేనత్త పాడినవి, ఏ పుస్తకంలోనూ దొరకనివి. మార్కెట్‌లో కమీషను దుకాణాలవాళ్ళు ఏటా ఇచ్చే, రోజుకొక కాగితం చింపే కేలండర్లుంటాయి కదా, ఆ చింపిన కాగితాల వెనుక రాసింది. కాగితం ఉల్లిపొర. ముందు వైపు తేదీ అంకె అరచేయంత ఉంటుంది.

మా గల్లీలో బతుకమ్మ ఆడేటప్పుడు పాట చెప్పేది అత్తమ్మే. ఆమె ఒక వరస అంటే మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. ఆ పాటలు కథలు. పొద్దుపోయేదాకా సాగుతాయి. షుగరు వల్ల ఆమె చూపు తగ్గింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదాంట్లో మిగిలిందే మిగిలిందని దవాఖానలో చెప్పేశారు. కిందటేడు మొదటి రోజే పాట మధ్యలో ఆగిపోయింది. చేతిలో కాగితం ఉంది, అక్షరం కనపడలేదు. గల్లీ చివరి ఇంటావిడ వెంటనే, సాయం చేస్తున్నాననుకొని, స్పీకరు తెచ్చి సినిమా డప్పు పెట్టింది. అందరూ దానికి ఎగిరారు. అత్తమ్మ ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. తరవాతి రోజులు గడప దాటలేదు.

ఈ ఏడు బోనాలు అయిపోగానే నాతో అంది: "బిడ్డా, నోట్లకెంచి రాదు. కండ్లకు కనబడితే నోట్లకొస్తది. ఈ యేడు గూడ గట్లనే అయితే ఇంక నేను పాట ముట్ట. ఆ స్పీకరు డబ్బానే మొగనియ్యిండ్రి."

టైపు నా పనే కదా. ఒక పాట పెద్ద అక్షరాల్లో టైపు చేసి, ప్రెస్సులో ప్రింటు తీయించి ఇచ్చాను. అత్తమ్మ కంటికి ఆనించుకొని, దూరం జరిపి, మళ్ళీ ఆనించుకొని, "ఇది నాది గాదు" అని తిరిగి ఇచ్చేసింది. ఆమె చదివేది అచ్చు కాదు, తన చేతిరాత. తను దీర్ఘం ఎలా లాగుతుందో, ఎక్కడ గీత పెట్టి ఊపిరి తీసుకుంటుందో ఆ వంకరల్లోనే ఉంది. వాటినే పెద్దవి చేయాలి. ఫోనుతో ఫోటో తీసి చూశాను. కాగితం ముడతలు, నా చేయి నీడ, వెనుక నుంచి తేదీ అంకె. కాగితాలు స్కాన్ చేస్తానన్న ఒక ఫోను యాప్ వేసుకుంటే, ముందు నేనెక్కడున్నానో చెప్పమంది, తరవాత నా చుట్టాల నంబర్లన్నీ చూపించమంది. కేలండర్ కాగితం చూడడానికి నా పెద్దమ్మ కూతురి నంబరు ఎందుకో! పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా అంత అడగరు. తీసి పారేశాను.

కాబట్టి స్కానర్. నా కంప్యూటరులో స్కానింగు ప్రోగ్రాం ముందే ఉంది. తెరిచి వెతకమన్నాను. స్కానర్లు ఏవీ లేవంది. మళ్ళీ వెతకమన్నాను. లేవంది.

బావను అడిగాను. నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి, తన ఫోను తీసి, ఒక్క వేలుతో నొక్కాడు. స్కానర్ లైటు వెలిగి కదిలింది.

"ఏముంది ఇండ్ల? నా ఫోన్ల రాంగనే దొరుకుతది. డొక్కుది నీ సిస్టమ్."

"ఫోనుకు కనపడ్డది కంప్యూటరుకు ఎందుకు కనపడదు బావా?"

"ఫ్రీది గదమ్మా. ఫ్రీ అంటే గట్లనే ఉంటది. ఫ్రీగ ఇచ్చేటందుకు అదేమన్న పులిహోరనా? పులిహోరకు గూడ లైన్ల నిలబడాలె."

"పోనీ జర కిందికి తెచ్చి నా బల్ల మీద పెట్టుకుంటా. గంటల మళ్ళ పైన పెడ్త."

"దసరా దాకనా? జరిపినవనుకో, నా ప్లాట్లన్ని ఆగుతయి."

అతని ప్లాట్లు ఎప్పుడు కదిలాయని ఆగడానికి? అనలేదు. "నేనే చేసిస్త తీ" అని ఒక కాగితం తన ఫోనుతో స్కాన్ చేసి పంపాడు. ఆ యాప్ తెలివితేటలు మా బావ తెలివితేటల్లాంటివే. తానే అంచులు కోసి, తానే రంగులు దిద్ది, అత్తమ్మ అక్షరాలను బొగ్గు ముద్దలు చేసింది. అందులో స్పష్టంగా కనిపించింది తేదీ ఒక్కటే. రెండో కాగితానికే అతనికి ఫోనొచ్చింది. అత్తమ్మ దగ్గర అలాంటి కాగితాలు సంచెడు ఉన్నాయి.

స్కానర్ కంపెనీవాళ్ళ సైటు చూశాను. నవ్వే మనుషుల బొమ్మలున్నాయి. కాగితం స్కాన్ చేస్తున్నందుకు అంత సంతోషపడే కుటుంబాన్ని నేనెక్కడా చూడలేదు. నా సిస్టమ్ పేరు ఎంచుకుంటే, దీనికి ఏమీ లేదు, క్షమించండి అని వచ్చింది. ఎక్కడెక్కడి సలహాలో చదివి, ఏవేవో ఎక్కించి, తీసేసి, వారం పాటు నా టైపింగు పని కూడా పాడు చేసుకున్నాను.

చివరికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. మెట్రో వంతెన కింది వరసలో కంప్యూటరు దుకాణం. యజమాని కోస్తా వైపు మనిషి, ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చాడు. ఎండలో వెళ్ళినదాన్ని, ఆ నీళ్ళకు నా కృతజ్ఞత నిజమైనదే. తరవాత ఆయన నోరు తెరిచాడు.

"లినక్సా? మీరా? ఎవరెక్కించారండీ దాన్ని?"

"నేనే."

"అబ్బే, అది సైంటిస్టులు వాడేదండీ. ఇంట్లో ఆడవాళ్ళకి ఎందుకూ. సారుని రమ్మనండి, మాట్లాడతాను."

"సారుకు టీవీ రిమోట్ తప్ప ఏం తెల్వదు. నాకు చెప్పున్రి."

"ఏం చెప్తామండీ, స్కానర్ని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవరే దానికి ఉండదు. డ్రైవర్ లేని బండి నడుస్తుందా? మామూలు సిస్టమ్ ఎక్కించేస్తాను, లైసెన్సు గొడవ కూడా ఉండదు. నా దగ్గర డిస్కు ఉంది."

లైసెన్సు గొడవ లేనిదంటే దొంగది. ఆ దొంగ డిస్కులున్న సొరుగుకు సరిగ్గా పైన వేంకటేశ్వరస్వామి పటం, దానికి ఆ రోజు మల్లెల దండ. స్వామి కళ్ళు నామం వెనుక ఎందుకు దాచుకున్నాడో నాకు ఆ దుకాణంలో కొంత తెలిసింది. ఎవరో ప్రేమతో ఉత్తినే ఇచ్చింది నామోషీ, ఎవరిదో కొట్టేసింది మాత్రం మామూలు సిస్టమ్. వద్దన్నాను. పోనీ ఇంటికొచ్చి స్కానర్ ఒకసారి చూస్తానన్నాడు. ఎల్.బి.నగర్‌లో ఇంకో పని ఉందట.

సాయంత్రం వచ్చాడు. తిన్నగా మేడెక్కాడు. బావ ఆయనకు తన ఫోను చేతికిచ్చాడు. వచ్చినవాళ్ళంతా చేసే పనే ఆయనా చేశాడు. నొక్కాడు, లైటు వెలిగింది. ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు చూసుకొని తలలూపారు. తాజ్‌మహల్ కట్టినవాళ్ళు కూడా అంత నిండుగా ఊపి ఉండరు.

"మిషన్ పర్‌ఫెక్టండీ. మేడమ్ గారి సిస్టమే ప్రాబ్లమ్."

"నేను ముందుగాలనే చెప్పిన," అన్నాడు బావ.

నాకు చూపించాలన్న ఉత్సాహంతో ఆయన ఆ ఫోను పట్టుకొని హాల్లోకి దిగాడు. నా కంప్యూటరు పక్కన నిలబడి, "ఇదిగో, మీకు రాదు, నాకొస్తుంది" అంటూ నొక్కాడు. రాలేదు. మళ్ళీ నొక్కాడు. ఫోను తెర మీద, స్కానర్ దొరకలేదు అని కనపడింది.

"గిప్పుడు ఫోను గూడ లినక్స్ అయిందా?" అంది సోఫాలో కూర్చున్న అత్తమ్మ.

ఆయన ఫోను పైకెత్తి అటూ ఇటూ ఊపాడు. "సిగ్నల్ అండీ. గోడలు అడ్డం." ఫోను బావకిచ్చేసి, టీ తాగి, దొంగ డిస్కు సంగతి ఇంకోసారి గుర్తుచేసి వెళ్ళాడు. బావ కూడా గోడలే అన్నాడు. ఇద్దరికీ కళ్ళు పనిచేస్తాయి మరి, దవాఖాన అక్కర్లేదు.

హాల్లో సిగ్నలు నిండుగా ఉంది. అదే ఫోనులో అదే హాల్లో బావ రోజూ క్రికెట్ చూస్తాడు. మేడ మీద దొరికిన స్కానర్ కింద ఎందుకు దొరకలేదు? నేను మేడెక్కి, స్కానర్ చిన్న తెర మీద దాని నెట్‌వర్కు నంబరు రాసుకొచ్చాను. నా కంప్యూటరు నంబరు దాని పక్కన రాశాను. చుక్కలతో విడగొట్టిన నాలుగు అంకెలు. మొదటి రెండూ కలిశాయి. మూడోది వేరు.

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఇల్లు వెతికినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గీతలతో విడగొట్టిన ఇంటి నంబర్లలో మధ్య అంకె ఒకటి మారితే మీరు ఇంకో కాలనీలో ఉన్నట్టే. చివరి అంకె ఎంత సరిగ్గా ఉన్నా, తలుపు తీసేది ఇంకెవరో. మా ఇంట్లో రెండు కాలనీలు వెలిశాయి. దేవుడి అర పక్కనున్న డబ్బా కింద ఉన్నవాళ్ళకు నంబర్లు ఇస్తోంది. బావ తెచ్చిన డబ్బా, మొదటిదాని సిగ్నలును పైకి మోసే కూలీగా ఉండక, తనదే వేరే సంసారమనుకొని పైనున్నవాళ్ళకు తన నంబర్లు ఇస్తోంది. స్కానర్ ఆ సంసారంలో ఉంది. పైకెళ్ళిన ఫోను ఆ సంసారంలో చేరుతుంది, కిందికొస్తే ఇటు చేరుతుంది. నా కంప్యూటరు పిలుపు మేడ దాకా వెళ్ళి, అక్కడ లోపలికి రానివ్వకపోతే తిరిగొస్తోంది. నా సిస్టమ్ ఇన్ని రోజులూ చెప్పింది అక్షరాలా నిజం. దాని కాలనీలో స్కానర్లు లేవు.

స్కానర్‌ను నైరుతి మూలకు తోయకపోతే ఆ రెండో డబ్బాతో పనే లేదు. బరువు దించుకోవడానికి దిక్కు అడిగితే, ఆ మహానుభావుడు ఇంటినే రెండు ముక్కలు చేసి పోయాడు.

మర్నాడు బావ నాదర్‌గుల్‌కు ఎవరినో ప్లాటు చూపించడానికి తీసుకెళ్ళాడు. నేను మేడెక్కాను. అత్తమ్మ మెట్ల మీద కూర్చుంది.

"మిషన్ జరుపుతున్నవా?"

"లేదు అత్తమ్మా, మిషన్ ముట్టుకోను. వైరొక్కటే."

"వైరుకు వాస్తు ఉంటదా?"

"ఆయన చెప్పలే."

"అయితే లేదు. కానియ్యి."

రెండో డబ్బా అడుగున అంటించిన చీటీలో దాని తాళం మాట, అంటే పాస్‌వర్డు ఉంది. దానితో డబ్బా సెట్టింగుల్లోకి వెళ్ళి, ఇక మీదట నంబర్లు పంచవద్దని దానికి చెప్పాను. వెనుక నాలుగు రంధ్రాలు ఒక రంగువి, ఒకటి వేరే రంగుది. వైరు ఆ వేరే రంగుదాంట్లో ఉంది. తీసి, నాలుగింట్లో ఒకదానికి పెట్టాను. స్కానర్‌ను ఆపి మళ్ళీ వేశాను. పనంతా అంతే. చేతులు జోడించి కిందికొచ్చాను.

స్కానింగు ప్రోగ్రాం తెరిచాను. వెతకమని నేను అడగక ముందే స్కానర్ పేరు వచ్చి కూర్చుంది. డ్రైవరూ లేదు, కంపెనీవాళ్ళ సైటులోని నవ్వు మొహాలూ లేవు. అలాంటి స్కానర్లకు డ్రైవరుతో పనిలేదట. అందరికీ తెలిసిన ఒకే భాషలో అవి మాట్లాడతాయి, నా సిస్టమ్‌కు ఆ భాష మొదటి నుంచీ వచ్చు. దుకాణపాయనకే రాదు.

సాయంత్రం బావ వచ్చి, నా తెర మీద అత్తమ్మ కాగితం చూసి, విషయమంతా విన్నాడు.

"అంటే నైరుతిల ఉన్నందుకే నిలబడ్డదన్నట్టు," అన్నాడు.

ఈ మనిషి నుంచి ప్లాట్లు కొనేవాళ్ళు ఉన్నారు. దేవుడు వాళ్ళను చల్లగా చూడాలి.

తరవాతి పని సులువే. కాగితం వెనుక తేదీ అంకె తేలకుండా, దాని మీద నల్ల చార్టు ముక్క పెట్టి మూత వేశాను. అంకె మాయమై రాత మిగిలింది. అక్షరం బొటనవేలంత చేశాను. పేజీకి నాలుగు వరసల చొప్పున ప్రింటు తీశాను. మొదటి పేజీ ఇచ్చినప్పుడు అత్తమ్మ మంచం మీద కూర్చొని కంటికి ఆనించుకుంది, దూరం జరిపింది. నాకు భయం వేసింది.

"గీ వంకర రాత ఎవలది?" అంది.

"నీదే అత్తమ్మా."

"నాదా? థూ! ఇన్నేండ్లు ఎవ్వలూ చెప్పలేదేంది?" అని, గొంతులోనే ఆ వరస అంది. తరవాతి వరస కూడా అంది.

బతుకమ్మ మొదటి రోజు సాయంత్రం, గల్లీలో పూలు పేర్చి పెట్టాక, నడుమ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాం. చిన్న కేలండర్ కాగితంలా కాక, ఇంత పెద్ద పేజీలు పట్టుకొని చప్పట్లు కొడుతూ తిరగడం కుదరదని అప్పటిదాకా మేమెవ్వరం అనుకోలేదు. అత్తమ్మ తిరగకుండా కూర్చొని పాట చెప్పడం అదే మొదలు. ఆమెకు అది నచ్చలేదు. కాళ్ళు కుర్చీ కిందే అడుగు వేస్తున్నాయి. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చొని పేజీలు పట్టుకున్నాను. ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ అందుకుంటున్నారు. గల్లీ చివరి ఇంటావిడ కూడా అందుకుంది, కొంచెం తప్పు రాగంలో. బావ ఫోనులో వీడియో తీస్తూ, పక్కింటాయనకు తన స్కానర్ ఎంత మంచిదో చెబుతున్నాడు.

కిందటేడు ఆగిన చోటు ఏ పేజీలో వస్తుందో నాకు తెలుసు. ఆ పేజీ వచ్చింది. నేను కాగితం చూడడం మానేసి ఆమె మొహం చూస్తూ ఉండిపోయాను. ఆమె మొదటి వరస చెప్పింది, రెండోది చెప్పింది, నాలుగూ చెప్పింది. ఆడవాళ్ళు అందుకొని తిరిగివచ్చారు. తరవాతి వరస రాలేదు.

"నన్నేం చూస్తున్నవే, నా మొఖం మీద రాసుందా?" అంది అత్తమ్మ, గల్లీ అంతా వినపడేలా. "తిప్పు!"

తిప్పాను.